తప్పంతా గడపదే

దెబ్బల బాబాయ్ యాభై ఆరేళ్ల జీవితంలో ఒక్క మనిషిని కూడా తప్పు పట్టి ఎరగడు. ఎవరికి ఏం జరిగినా తప్పు వస్తువుదే అనేవాడు. అని ఊరుకోకుండా ఆ వస్తువుకు రెండు తగిలించేవాడు కూడా. నడక నేర్చుకునే పిల్ల గడప తట్టుకుని పడి గుక్కపెడితే అమ్మమ్మ ఏం చేస్తుంది? "మా తల్లినే పడేస్తావా!" అని గడపను కొడుతుంది. పిల్ల ఏడుపు మానేస్తుంది. అందరిళ్లలో జరిగేదే. కాకపోతే పిల్లకు మూడేళ్లొచ్చేసరికి అమ్మమ్మలు ఆ పని మానేస్తారు. బాబాయ్ మానలేదు.

ఆయన పనిచేసేది కంపెనీలు ఉద్యోగుల్ని ఎంచుకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఆఫీసులో. పని టెస్టింగ్. అంటే ఇంకొకరు చేసినదాంట్లో తప్పులు వెతకడం. మనుషుల్ని ఒక్క మాట అనలేని మనిషికి ఆ ఉద్యోగం ఎవరిచ్చారో గానీ, చేరినప్పటి నుంచి ఆఫీసులో వస్తువులకు మనశ్శాంతి లేదు.

ఒకరోజు అకౌంటెంటు అద్దం తలుపును లాగి లాగి, అది రాక, చివరికి విసుగొచ్చి ముందుకు తూలి నుదురు పగలగొట్టుకున్నాడు. బాబాయ్ పరుగెత్తుకుంటూ వచ్చి తలుపును ఫెడీమని కొట్టాడు.

"కళ్లు నెత్తికెక్కాయా నీకు?"

"కళ్లు లేనిది నాకే బాబాయ్. 'నెట్టండి' అని రాసే ఉంది" అన్నాడు అకౌంటెంటు నుదురు రుద్దుకుంటూ.

"నీకెందుకు లేవు, బ్రహ్మాండంగా ఉన్నాయి! నెట్టాల్సిన తలుపుకు లాగే పిడి పెట్టి, కింద 'నెట్టండి' అని రాస్తే మనిషి చేతిని నమ్మాలా, చీటీని నమ్మాలా?"

మర్నాటికి ఆ పిడి లేదు. స్క్రూడ్రైవరు బాబాయ్ సొరుగులో ఉంది. మేనేజరు పిడి కోసం వారం రోజులు గాలించాడు. ఆ వారంలో ఎవరి నుదురూ పగల్లేదని మాత్రం ఆయన గమనించలేదు.

పక్క సీటు డిజైనరమ్మాయిది. రోజుకు ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి అందరికీ చెప్పి నవ్వించడం ఆ అమ్మాయికి సరదా. బాబాయ్ ఆమె చేసిన పేజీని కొట్టడం మొదలుపెట్టిన రోజున ఆ సరదా తీరిపోయింది.

ఆ పేజీ సంగతి తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది. వచ్చిన దరఖాస్తు చదివి, ఈ మనిషిని పిలుద్దామా వద్దా అని తేల్చే పేజీ అది. అంతే దాని పని. దానికి నలభై మూడు బటన్లు! 'తర్వాతి దరఖాస్తు', 'తిరస్కరించు' పక్కపక్కనే, ఒకే సైజులో, ఒకే బూడిద రంగులో, కవల పిల్లల్లా ఉంటాయి. పై మూల చీమ తలకాయంత గడిలో ఎవరూ పెట్టకుండానే పెట్టి ఉన్న టిక్కు: 'జాబితాలో అందరికీ వర్తింపజేయి'. నొక్కేముందు 'ఖాయమేనా?' అని అడుగుతుంది, కాదనను. కానీ అక్షరాలు పెద్దవి చేసుకున్నా 'ఖాయమేనా?' అంటుంది, పేజీ మూయబోయినా 'ఖాయమేనా?' అంటుంది. రోజుకు రెండొందల సార్లు అదే ప్రశ్న వేస్తే ఎంత ఓపికున్నవాళ్లైనా చూడకుండానే అవునంటారు.

డిజైనరమ్మాయి దాన్ని నాలుగేళ్ల కిందట, చేరిన కొత్తలో, తొమ్మిది రోజుల్లో చేసింది. అప్పుడు బటన్లు పదకొండే. ఆ తర్వాత మేనేజరు నెలన్నరకొకటి పెట్టించాడు. పేజీ మీద చేసినవాళ్ల పేరుండదు కాబట్టి అది తన పనేనని అందరూ మర్చిపోయి ఉంటారని ఆమె ధైర్యం.

ఒక సోమవారం ఒక ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ నర్సుల దరఖాస్తులు చూసే గుమస్తా ఒకావిడ, పంతొమ్మిదేళ్ల సర్వీసు. తర్వాతి దరఖాస్తు తెరవబోయి పక్క బటన్ నొక్కింది. 'ఖాయమేనా?' అంటే అలవాటుగా అవునంది. ఒక్క నిమిషంలో రెండొందల పన్నెండు మంది నర్సులకు 'చింతిస్తున్నాము' అని ఉత్తరాలు వెళ్లిపోయాయి. వాళ్లలో ఒకమ్మాయి ఆ క్షణాన ఇంటర్వ్యూ గదిలోనే కూర్చుని ఉందట. ఆసుపత్రివాళ్లు అడిగింది ఒకటే. తప్పు మీ సాఫ్ట్‌వేర్‌దా, మా గుమస్తాదా? ఆవిడదే అయితే శుక్రవారానికల్లా రాసివ్వండి, ఉద్యోగంలోంచి తీసేస్తాం.

రిపోర్టు రాసే పని డిజైనరమ్మాయి మీద పడింది. 'కారణం' అన్న చోట 'వాడినవారి తప్పు' అని రాసింది. రాయడానికి నాలుగు సెకన్లు పట్టింది, రాశాక రెండుసార్లు చెరపబోయింది. కానీ ఏం చేస్తుంది? పేజీ తప్పంటే ఆ పేజీ ఎవరిదన్న మాట వస్తుంది. కింద బాబాయ్ సంతకం కావాలి.

"ఇదెవరు రాశారమ్మాయ్?"

"నేనే బాబాయ్. ఆవిడే నొక్కింది. రికార్డులో ఉంది."

"నొక్కింది, కాదనను. నొక్కేలా చేసిందెవరు?"

"ఎవరంటే... ఎవరు బాబాయ్?"

"ఇదీ!" అని స్క్రీన్‌ను ఒక్కటిచ్చాడు. "సిగ్గుందా దీనికి? పంతొమ్మిదేళ్ల నుంచి పనిచేస్తున్న ఆడమనిషికి గొయ్యి తవ్వి, పైన గడ్డి కప్పి, పడ్డాక 'ఖాయమేనా' అని అడుగుతుందా? ఇది పేజీయా, ఉచ్చా?"

ప్రతి దెబ్బా స్క్రీన్‌కు తగులుతోంది, చురుక్కుమనేది మాత్రం అమ్మాయికి.

మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. గుమస్తా గదిలో ఒక కిటికీ, ఒక బల్ల, కంప్యూటరు అంచున అంటించిన పసుపు చీటీ ఉన్నాయి. చీటీ మీద 'కుడి పక్కది నొక్కకు' అని ఆవిడ తన చేత్తోనే రాసుకుంది. ఆ చీటీ చూసి డిజైనరమ్మాయికి ఏడుపొచ్చినంత పనైంది.

"నా కళ్లు మసకబారుతున్నాయి బాబూ. వయసు కదా" అంది గుమస్తా తలొంచుకుని.

"మీ కళ్లకేమండీ! ఇదే గుడ్డిది" అని కంప్యూటరు నెత్తిన మొట్టాడు బాబాయ్. గుమస్తా నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది.

"ఇది లేనప్పుడు మీరెలా చేసేవారండీ?" అని అడిగింది డిజైనరమ్మాయి.

"ఏముందమ్మా, మూడు దొంతులు. పిలుద్దాం, వద్దు, ఇంకోసారి చూద్దాం. ఉత్తరాలు రాసి పోస్టు ట్రేలో పెడితే సాయంత్రం నాలుగింటికి ప్యూను వచ్చేదాకా అక్కడే ఉండేవి. మనసు మారితే వెనక్కి తీసుకునేదాన్ని. ఇదేంటమ్మా, వేలు తగిలితే పారిపోతాయి?"

అమ్మాయి గబగబా కాగితం తీసి మూడు గళ్లు గీసింది. మూడు దొంతులు, ఒక ట్రే, నాలుగు గంటలు. నాలుగేళ్లుగా నలభై మూడు బటన్లు మోసిన పేజీకి కావలసింది అంతే. ఈ ప్రశ్న నాలుగేళ్ల కిందటే ఎవరినైనా అడిగి ఉంటే ఎంత బాగుండేదని తన మీద తనకే కోపమొచ్చింది, అడగడానికి టైమివ్వనివాళ్ల మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

శుక్రవారం మేనేజరు హాల్లోకి వచ్చి అందరి ముందూ అడిగాడు. "ఇంకా సంతకం పెట్టలేదేం? ఆవిడ చూసుకోకుండా నొక్కితే మనమేం చేస్తాం?"

"పెడతాను సార్. ముందు మీరీ కుర్చీలో కూర్చుని ఓ ముగ్గురి దరఖాస్తులు చూడండి. ఇది టెస్టింగ్ కాపీలెండి, ఏం కాదు."

"ఇదేమన్నా బ్రహ్మవిద్యా?" అని మేనేజరు కూర్చున్నాడు. మొదటిది చదివాడు. తర్వాతి దానికి వెళ్లబోయాడు. 'ఖాయమేనా?' అంది పేజీ. "ఆఁ, ఖాయమే" అని నొక్కాడు.

టింగ్! అకౌంటెంటు ఫోను మోగింది. టింగ్, టింగ్, టింగ్! హాలంతా మోగింది. టెస్టింగ్ జాబితాలో బాబాయ్ నర్సుల పేర్లకు బదులు ఆఫీసువాళ్ల పేర్లే ఎక్కించాడు.

"నన్ను వద్దన్నారండీ!" అన్నాడు అకౌంటెంటు లబోదిబోమంటూ.

చివరి టింగ్ మేనేజరు జేబులోంచి వచ్చింది. ఆయన తీసి చదువుకున్నాడు: 'మీ దరఖాస్తును శ్రద్ధగా పరిశీలించాము. చింతిస్తున్నాము.'

హాల్లో ఎవరూ నవ్వలేదు, నవ్వును ఎక్కడెక్కడ దాచుకోవాలో అక్కడ దాచుకున్నారు. బాబాయ్ పెన్ను తీశాడు. "కారణం ఏం రాయమంటారు సార్? వాడినవారి తప్పేనా?"

మేనేజరు మొహం కందగడ్డయింది. బాబాయ్‌కి జాలేసింది. "మీదేం లేదు సార్" అని మేనేజరు తరఫున స్క్రీన్‌కు ఒక్కటి తగిలించాడు. "దీనికే బుద్ధి లేదు."

"అసలీ పేజీ చేసిందెవరు?" అని అరిచాడు మేనేజరు.

డిజైనరమ్మాయి తల స్క్రీన్ చాటుకు పోయింది. బాబాయ్ అందుకున్నాడు.

"ఏ పేజీనీ ఒక్కరు చెయ్యరు సార్. తొమ్మిది రోజుల్లో కావాలన్నవాళ్లున్నారు. నెలన్నరకో బటన్ పెట్టమని రాసినవాళ్లున్నారు. ఆ ఉత్తరాలన్నీ తేదీలతో సహా నా దగ్గరున్నాయి. చదవమంటారా?"

కారణం అన్న చోట 'పేజీ' అని మేనేజరే రాశాడు. సంతకాలయ్యాయి. గుమస్తా కుర్చీ గుమస్తాకే ఉంది. రెండొందల పన్నెండు మందికీ క్షమించమని ఉత్తరాలు వెళ్లాయి, సాయంత్రం నాలుగింటికే.

మెట్ల దగ్గర అమ్మాయి బాబాయ్‌ని ఆపింది. "బాబాయ్, ఆ పేజీ... నేనే చేశాను."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు చేసిన రోజు నుంచీ. తొమ్మిది రోజులు తిండి మానేసి చేశావు. పక్క సీటే కదమ్మా నాది. దాన్ని పరీక్షించడానికి నాకిచ్చింది పూటన్నర. బాగానే ఉందని సంతకం పెట్టిందీ నేనే."

"తెలిసుండీ అన్ని తిట్లు తిట్టారా?"

"నిన్ను ఒక్క మాటన్నానా?"

ఆలోచిస్తే అనలేదు. ఆ అమ్మాయికి అప్పటిదాకా ఉన్న కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు.

మూడు వారాలకు కొత్త పేజీ వచ్చింది. పరీక్షించడానికి మొదట కూర్చున్నది బాబాయే. చదివి, మెచ్చుకుని, పిలవాల్సిన మనిషిని 'వద్దు' దొంతిలో పడేశాడు. వెంటనే చెవులదాకా ఎర్రబడి, చుట్టూ చూసి, ఆ ఆఫీసులో ఎవరూ ఎప్పుడూ వినని మాట అన్నాడు.

"తప్పు నాదేనమ్మాయ్. కళ్లజోడు తుడుచుకోలేదు."

డిజైనరమ్మాయి లేచి వచ్చి స్క్రీన్‌కు ఫెళ్లున ఒక్కటిచ్చింది.

"మా బాబాయ్‌నే పడేస్తావా! ఆ దొంతులు అంత ఇరుకుగా ఉంటే ఎవరైనా అదే చేస్తారు. భోజనాల వేళకల్లా దూరం జరిపేస్తాను బాబాయ్, మీరు కూర్చోండి."

బాబాయ్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"కొంచెం మెల్లిగా కొట్టు తల్లీ. పొద్దున్నే పుట్టింది."