కొండ కింద కొబ్బరిచెట్లు

శాడిల్ పీక్ కొండని నేషనల్ పార్కు చేసిన కొత్తలో నేను పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేవాణ్ణి. అటవీశాఖ వాళ్లు పార్కు గురించి ప్రదర్శన పెడుతున్నామని, కొండ ఫోటోలు కావాలని మా యజమానిని అడిగారు. ఆయన స్టూడియో కెమెరా, రెండు రీళ్లు నా చేతికిచ్చి ఓడ ఎక్కించాడు.

ఆ కొండ కిందే మా అప్ప కాపురం. సిక్కోలు తీరం నుంచి వచ్చిన మా ఇళ్లలో అక్కని అప్ప అనే పిలుస్తాం. బావ చేపలవేటకి వెళ్లేవాడు. పెళ్లైన కొత్తలో అక్కడ సముద్రపు ఒడ్డున గుడిసె వేసి, చుట్టూ కొబ్బరి నాటాడు. చెట్లు కాపుకొచ్చాయి గానీ నేలకి కాగితమంటూ ఏదీ లేదు. ఇప్పుడది పార్కు హద్దులో పడింది, ఖాళీ చెయ్యమన్నారు. డిగ్లీపూర్‌లో అర్జీలు రాసే పెద్దమనిషి, కాయకాసిన చెట్ల ఫోటోలు జతచేస్తే మీరు పార్కు కంటే ముందే ఉన్నారని తెలుస్తుంది అన్నాడట. నేను వస్తున్నానని తెలిసి ఇద్దరూ ఆశపడ్డారు. కొండ దిగి వచ్చాక తీస్తానన్నాను.

మర్నాడు తెల్లవారకముందే బావా నేనూ బయల్దేరాం. ఒడ్డు వెంట గుండ్రాళ్ల మీద చాలాసేపు నడిచి, వాగు దాటి అడవిలోకి మళ్లాం. బావ ముందు నడుస్తూ కత్తితో బెత్తపు తీగలు నరికి దారి చేసేవాడు. కాళ్లకి జలగలు పట్టేవి, ఉప్పు మూట అద్ది రాల్చుకునేవాళ్లం. పైకి వెళ్లేకొద్దీ వేళ్లు పట్టుకుని ఎక్కాల్సి వచ్చింది. మొదటి రీలు దారిలోనే అయిపోయింది. శిఖరం మీద మంచు తప్ప ఏమీ లేదు. అప్ప కట్టిచ్చిన చద్ది తిని, తడిసిన బట్టలతో కూర్చున్నాం. ఎంతసేపటికో మంచు విడిపోయింది. కింద అడవి, దాని అవతల సముద్రం, సముద్రం మీద మబ్బుల నీడలు. అలాంటిది నేను అంతకుముందు చూడలేదు. మళ్లీ మూసుకుపోతుందన్న భయంతో నొక్కుతూనే ఉన్నాను. రీలు తిప్పే మీట ఇక తిరగనని మొరాయించినప్పుడు గానీ చెయ్యి ఆగలేదు. రెండో రీలూ అయిపోయింది; చుట్టి, తీసి డబ్బీలో పెట్టాను.

"మన చెట్లకి ఉంచినావు కదా?" అన్నాడు బావ.

ఉంచానన్నాను.

దిగేసరికి ఎండ ఇంకా మిగిలి ఉంది. అప్ప తలంటుకుని, పెట్టెలోని నీలంచీర కట్టుకుని ఎదురుచూస్తోంది. అప్పుడైనా చెప్పాల్సింది. ఆ చీర చూశాక నోరు రాలేదు. వచ్చే ఓడకి రీలు తెచ్చి నిజంగానే తీస్తానులే అనుకున్నాను.

బావ నన్ను చెట్టు చెట్టుకీ తిప్పాడు. "ఇది పెద్దపిల్ల పుట్టిన ఏడు ఏసినాను. గెల కనపడీటట్టు తియ్యి. సాబ్‌లు సూస్తే పక్కా తెలియాల," అన్నాడు. అప్ప ఒక చెట్టు మొదట్లో చెయ్యి వేసి నిలబడింది. నేను ఒక కన్ను మూసి, గురి చూసి, ఖాళీ కెమెరా నొక్కాను. ప్రతి చెట్టు దగ్గరా నొక్కాను.

పోర్ట్ బ్లెయిర్ వచ్చాక యజమాని వేరే పనులు అప్పగించాడు. వానలు పట్టుకుని ఓడలు తప్పాయి. చెమ్మకి రీలు పాడైందని, మళ్లీ వస్తానని బావకి ఉత్తరం రాశాను. ప్రదర్శనలో నా కొండ ఫోటో అందరూ మెచ్చుకున్నారు. వానలు తగ్గాక నేను వెళ్లేసరికి అర్జీ తిరగ్గొట్టేశారు. గుడిసె లేదు. చెట్లు నరికి మొద్దులు మిగిల్చారు. ఫోటోలుంటే ఇది ఆగేదో లేదో ఎవరూ చెప్పలేరు. నాకు ఆ మాట ఎన్నడూ ఊరట కాలేదు.

వాళ్లు పిల్లలతో పోర్ట్ బ్లెయిర్ వచ్చి బతు బస్తీలో ఒక గదిలో దిగారు. బావ చాతం రంపపు మిల్లులో పలకలు మోసే పనికి కుదిరాడు, వేట మానేశాడు. నన్ను చూసినప్పుడల్లా తనే ఓదార్చేవాడు. "సెమ్మకి పోతే నువ్వేటి సేత్తావు?" అనేవాడు. ఆ మాట వినలేక వాళ్లింటికి వెళ్లడం తగ్గించాను. అలా ఉండగానే జబ్బు చేసి బావ పోయాడు.

ఏడాది తర్వాత అప్పకి నిజం చెప్పాను. వాకిట్లో చేపలు కడుగుతోంది. కడగడం ఆపలేదు. గిన్నెలోని చివరి చేప కూడా అయ్యాక, తలెత్తకుండానే అంది.

"ఆయనున్నప్పుడు సెప్పాల్సింది. ఇప్పుడు దీన్ని నానొక్కదాన్నీ మొయ్యాలా?"

గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది. చాలాసేపు కూర్చున్నాను, అప్ప బయటికి రాలేదు. ఇప్పటికీ వెళితే అన్నం వడ్డిస్తుంది. నేను తినేదాకా మాత్రం అక్కడ ఉండదు.