చిలకలగూడలో ఒక పెద్ద గుండ్రం

నేను పనిచేసేది ఊరంతా దుకాణాలున్న ఒక బేకరీ కంపెనీలో. పిండి పిసికే పని కాదు. ఏ కౌంటరులో బిల్లు కొట్టినా కాసేపటికి అది క్లౌడ్‌లో ఉన్న డేటా వేర్‌హౌస్‌కు చేరుతుంది. దాన్ని తవ్వి, బొమ్మలు గీసి చూపించడం నా ఉద్యోగం. ఈ సంగతి నాన్నకు చెబితే, "గోదామా? ఏడుంది?" అని అడిగాడు. మబ్బుల్లో ఉందన్నాను. "వానాకాలం ఎట్ల మరి?" అన్నాడు.

ఒకరోజు కొనేవాళ్లను మ్యాపు మీద పెడుతున్నాను. ఒక్కో ఫోన్ నంబరుకు ఒక గుండ్రం, ఎంత ఎక్కువ కొంటే అంత పెద్దది. సికింద్రాబాదు నిండా ఆవగింజలంత గుండ్రాలు వచ్చాయి. చిలకలగూడలో మాత్రం రైల్వే స్టేషనును కూడా కప్పేసేంత గుండ్రం లేచింది. వెనక నిలబడి చూస్తున్న మేనేజరు మురిసిపోయాడు.

"గింత తినేటోళ్లు సుత ఉన్నరా? పిలిపించమ్మా, శాలువా కప్పుదాం."

గుండ్రం మీద నొక్కాను. క్రీమ్ బన్నులు, దిల్‌పసంద్‌లు, పఫ్‌లు, పొద్దున మొదలుకొని రాత్రి దాకా. పక్కనే నంబరు. నాన్నది.

నాన్నకు షుగరు. కిందటేడు కాలి మీద చిన్న పుండు నెలల తరబడి మానలేదు. వేలు తీసేయాల్సి రావచ్చని డాక్టరు అన్న రోజు ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అప్పటి నుంచి అమ్మ చక్కెర డబ్బా దాచేస్తోంది. ఈ మనిషేమో బయట దుకాణానికి దుకాణమే మింగుతున్నాడు. భయం, కోపం రెండూ ఒకేసారి ముంచుకొచ్చాయి. లెక్క మళ్లీ చూడాలని మేనేజరుకు చెప్పి ఇంటికి పరిగెత్తాను.

నాన్న టీవీ ముందు కూర్చుని మరమరాలు తింటున్నాడు. లాప్‌టాప్ తెరిచి ఆయన ఒళ్లో పెట్టాను.

"ఏంది నాన్నా ఇది?"

కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. "గుండ్రంగ మంచిగుంది బిడ్డా. ఏంది?"

"నువ్వే. నువ్వు తిన్నవన్నీ."

నాన్న పగలబడి నవ్వాడు. సంగతేమిటంటే, మా కౌంటర్లలో ఫోన్ నంబరు ఇవ్వకపోతే బిల్లు రాదు. మనవాళ్లేమో బన్ను కొనడానికి నంబరెందుకని పోట్లాటకు దిగుతారు. "మన గల్లీ దుకాణంల కౌంటర్ పిల్ల రోజు తిట్లు తింటున్నది. పరేషాన్ గాకు, ఎవరియ్యకున్నా నా నంబర్ కొట్టు అని చెప్పిన. పాయింట్లు సుత నాకే వస్తయి."

ప్రాణం లేచొచ్చింది. నాన్నను గట్టిగా పట్టుకున్నాను. "ఊరోళ్ల బన్నులన్నీ నెత్తినేసుకున్నవా?" అని అమ్మ వంటింట్లోంచే విసుక్కుంది.

మర్నాడు సంగతంతా చెబితే మేనేజరు ముఖం చిన్నబోయింది. ఆ నంబరును బొమ్మలోంచి తీసెయ్యమన్నాడు. తీసే ముందు ఊరికే, ఆ నంబరు బిల్లులను వేళల వారీగా పరిచి చూశాను. కౌంటరు అమ్మాయి డ్యూటీ ఎక్కేది పదింటికి. అంతకుముందు కౌంటర్లో ఉండేవాళ్లు ఎవరి నంబరు వాళ్లదే కొడతారు. కానీ ఉదయం ఆరున్నర దగ్గర ఒక సన్నని గీత నిలబడి ఉంది. రోజూ ఒక్క క్రీమ్ బన్ను. అది నాన్న నడకకు వెళ్లే వేళ.

సాయంత్రం అమ్మ పక్కన లేనప్పుడు అడిగాను. ఈసారి నాన్న నవ్వలేదు.

"ఒక్కటే కదా బిడ్డా."

"మళ్లా కాలికేమన్న అయితే? నాకు భయమైతున్నది నాన్నా."

ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. "సరే. రేపటి సంది నా నంబర్ మీద గా బన్ను కనబడది. ఇగ ఊకో."

నిజంగానే కనబడలేదు. తెల్లవారి లేవగానే లాప్‌టాప్ తెరిచి చూస్తే ఆయన నంబరు దగ్గర గీత లేదు. హమ్మయ్య అనుకున్నాను. అలవాటు కొద్దీ చిలకలగూడ దుకాణం మొత్తం తెరిచాను. ఆరున్నరకు ఒక క్రీమ్ బన్ను. నంబరు అమ్మది.

నాన్న ఇంకా నడక నుంచి రాలేదు. అమ్మ నా ఎదురుగానే ఉప్మా కలుపుతోంది.

"అమ్మా, నువ్వు ఇయ్యాల పొద్దుగాల బన్ను తిన్నవా?" అని అడిగాను.

అమ్మ పొయ్యి ఆర్పేసి, గరిటె చేతిలో ఉండగానే చెప్పులు వేసుకుంది.