కాసాయి ఒడ్డున ఎర్రజెండా

నిన్న మన ఓల్డ్ సెటిల్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో సూరిబాబు మన పాత స్కౌట్ హైకింగ్ ఫోటో పెట్టాడు. కింద ఒక ప్రశ్న: "ఒరే, అందరం కెమెరా కేసి సూస్తంటే నువ్వు ఎటేపు సూస్తన్నావురా?"

చెబుతాను. గుర్తుందా, ఆ రోజు పొద్దున వరకు మన దళానికి లీడర్ని నేను. లీడర్ గుర్తుగా రెండు తెల్లపట్టీలు మా అమ్మ నా చొక్కా జేబు మీద కుట్టింది. కాసాయి ఏటి ఇసుకలో దారి చూసి, జెండా ఊపి మిమ్మల్ని పిలవమని స్కౌట్ మాస్టారు నన్నూ సూరిబాబునీ ముందు పంపారు. మన దళం జెండా ఎరుపు. అదే ఊపాను. మీరంతా ఉన్నచోటే ఆగిపోయారు. ఎంత ఊపితే అంత బిగుసుకుపోయారు. రైల్వే క్వార్టర్లలో పుట్టినవాళ్లు మరి.

సూరిబాబు తన మెడలోని ఆకుపచ్చ స్కార్ఫ్ విప్పి ఊపాడు. అందరూ పరిగెత్తుకొచ్చారు. అదే స్కార్ఫ్ నా మెడలోనూ ఉంది.

"ఎర్రజెండా ఊపితే ఎలాగొస్తాం సార్" అన్నది మీరే. మాస్టారు నవ్వి, "ఠీక్ హై, ఇకనుంచి సూరిబాబే లీడర్" అన్నారు. నా పట్టీలు కుట్లు ఊడదీసి వాడి జేబుకు పిన్నీసులతో పెట్టించారు. ఆ పిన్నీసులు కూడా నావే. ఆ వెంటనే తీసిన ఫోటో ఇది.

తర్వాత వాడు రైలు గార్డు అయ్యాడు, రిటైరయ్యేదాకా పచ్చజెండా ఊపాడు. దానికీ కుళ్లుకున్నాను.

సూరిబాబూ, నేను చూస్తున్నది నీ జేబు కేసిరా. నిన్న రాత్రి కూడా ఫోటో పెద్దది చేసి అక్కడే చూశాను. ఒక పట్టీ వంకరగా పెట్టుకున్నావు.