అవ్వ వంక పెట్టిన హోటళ్లు

మా దిక్కు నుంచి ఎవరు హైదరాబాద్ పోతున్నా ముందు నాకు ఫోన్ చేస్తారు. పెళ్లి బట్టలకో, దవాఖానకో, పిల్లల పరీక్షకో పోతుంటారు. పనేదైనా చివరికి అడిగేది మాత్రం ఒకటే: "పట్నంల ఏ హోటల్ల తింటే మంచిగుంటది?" నేను పెద్ద తిండిపోతునని మా మానుకోటంతా పేరు. మహబూబాబాద్‌ను మేము మానుకోట అనే అంటాం. అక్కడ కాలేజీలో పాఠాలు చెప్తాను కానీ, పాఠాల గురించి ఇంతవరకు ఎవరూ ఫోన్ చేయలేదు.

చిక్కేమిటంటే, నాకు తెలిసిన హోటళ్ల బోర్డుల మీది పేర్లు నాకు గుర్తుండవు. మా అవ్వ పెట్టిన పేర్లే గుర్తుంటాయి. మేము అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం. అవ్వ ఏ హోటల్‌కైనా పేరు పెట్టేది దానికున్న వంకను బట్టే. దేంట్లోనైనా వంక దొరక్కపోతే ఆ హోటల్‌కు పేరే ఉండేది కాదు, మళ్లీ మేము అక్కడికి పోయేవాళ్లమూ కాదు.

స్టేషన్ బయట పాతకాలపు చాయ్ హోటల్ ఒకటుంది. తెల్లరాతి బల్లలు, గోడలకు మసకబారిన అద్దాలు. పొద్దున రైలు దిగి వెళ్తే ఎండ ఆ అద్దాల్లో పడి బల్లల మీదికి మెల్లగా జారుతుండేది. సగం నిద్రలో ఉండే నాకు ఆ గది నీళ్లలో ఉన్నట్టు అనిపించేది. అవ్వ మాత్రం కప్పులోకి చూసి, "గిది చాయా, పాయసమా? చెంచా నిలబడుతది గిండ్ల" అంది. అప్పటి నుంచి అది పాయసం హోటల్. రెండో కప్పు కూడా తాగే అంది ఆ మాట.

మేడమెట్లెక్కి పోయే టిఫిన్ హోటల్‌లో దోశ ఎత్తి పట్టుకుని, "దీంట్లకెళ్లి మీ బాపు మొకం కనబడుతుంది" అంది. అది అద్దం దోశ హోటల్ అయింది. బిర్యానీ హోటల్‌ది ఇంకా అన్యాయం. లోకమంతా ఏ గింజకాగింజ విడిగా ఉందని మెచ్చుకునే బిర్యానీని చూసి, "ఇదేం అన్నమే, గింజకు గింజకు మాటల్లేవు" అంది. మా ఇంట్లో దాని పేరు అలిగిన బియ్యం హోటల్. బాపు ఆ పేరుతోనే దారి అడగబోతే ఆటో డ్రైవర్ ముఖం చూడాలి.

ఇక అవ్వ చేతిసంచిలో ఎల్లిపాయ కారం డబ్బా ఎప్పుడూ ఉండేది. ఎంత పెద్ద హోటలైనా సరే, ఆ డబ్బా బల్ల మీదికి వచ్చేది. అక్కా నేనూ సిగ్గుతో తలలు దించుకునేవాళ్లం. ఇప్పుడు ఆలోచిస్తే, ఏ హోటల్‌కు ఏ ఏడాది పోయామో నాకు తెలియదు. బాపు కంటి ఆపరేషన్ నాడు తిన్నదీ, అక్క పెళ్లి చీరలు కొన్ననాడు తిన్నదీ ఒకే మధ్యాహ్నంలా కలిసిపోయాయి. ఆ మధ్యాహ్నంలో అవ్వ ఎప్పుడూ ఏదో ఒక గిన్నె మీదికి వంగి ఉంటుంది.

గిన్నె మీదికి వంగడం గురించి చెప్పాలి. కురవి వీరన్న జాతరకు మా ఇంట్లో నైవేద్యం వండేది అవ్వే. దేవుడి కోసం వండేదాన్ని రుచి చూడకూడదు, చూస్తే ఎంగిలవుతుంది. అందుకని చిన్నప్పుడే, తన పుట్టినూరు మొగుళ్లపల్లిలో, మా అమ్మమ్మ ఆమెకు ముక్కుతో వండటం నేర్పింది. మూత తీసి, కొంగు పక్కకు లాక్కుని, ఆవిరిలోకి ముఖం పెట్టి ఒక్కసారి పీల్చేది. "బెల్లం ఇంక రవ్వంత" అనేది. "ఉప్పు సరిపోయింది" అనేది. ఉప్పుకు వాసనేందని బాపు ఎగతాళి చేసేవాడు. పూజయ్యాక ప్రసాదం నోట్లో వేసుకుని ఇంకోసారి చేయి చాపేవాడు. ఆ అలవాటే అవ్వకు హోటళ్లలోనూ ఉండేది. నోటి కంటే ముందు ముక్కు తినేది.

పట్నం రైల్లోనూ అంతే. జనగామ దాటగానే కిటికీ దగ్గరికి జరిగి, "పట్నం వాసనొస్తుంది" అనేది. బయట గుట్టలు, పత్తి చేన్లు, పొద్దుటి మంచు తప్ప ఏమీ లేకపోయేది. నాకూ వస్తుందని నేనూ అనేదాన్ని. చాలా ఏళ్లు నిజంగా వస్తుందనే అనుకున్నాను.

మొన్నమొన్నటి మాటే. అవ్వ గొంతులో గడ్డ ఉందని తేలింది. కరెంటు పెట్టాలన్నారు. మా దిక్కు అందరూ రేడియేషన్ చికిత్సను అట్లాగే అంటారు. మళ్లీ అవే రైళ్లు, అదే స్టేషన్, కానీ ఈసారి దవాఖాన కోసం. గడ్డ కరిగింది. దానితోపాటు నోట్లో రుచి కూడా పోయింది. "నా నోరు సచ్చింది బిడ్డా" అంది ఒకనాడు, కూర ధర చెప్పినంత మామూలుగా.

నోరు పుండ్లు పడి ఉన్నప్పుడు వేడివి, కారంవి వద్దన్నారు. ఆ మాటను మేము మంత్రంలా పట్టుకున్నాం. పొగ తగలొద్దని అవ్వను వంటింటి గడప తొక్కనివ్వలేదు. బాపూ నేనూ వండేవాళ్లం. వండినదాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి, విసిరి, చేత్తో ముట్టి, చల్లగా అయిందని నమ్మకం కుదిరాకే ఆమె ముందు పెట్టేవాళ్లం. ఎల్లిపాయ కారం డబ్బా అటక మీదికి పోయింది. బాపు వండిన పప్పు నిజానికి పశువులు కూడా ముట్టనిది. అది తిని అవ్వ "మంచిగుంది" అన్ననాడు, బాపు తన కంచం అక్కడే వదిలేసి వాకిట్లోకి పోయి నిలబడ్డాడు.

ఆ "మంచిగుంది" అనే మాటంటే నాకు భయం పట్టుకుంది. గంజి మంచిగుంది. జావ మంచిగుంది. హోటల్ ఇడ్లీ మంచిగుంది. ఏది పెట్టినా రెండు ముద్దలు తిని, మంచిగుందని చేయి కడుక్కునేది. ముఖం చిక్కిపోయింది. జాకెట్లు వదులయ్యాయి. భూపాలపల్లిలో ఉండే మా అక్క, బావది అక్కడ బొగ్గుబాయి నౌకరీ, రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. ఎట్లుంది, తిన్నదా అని అడగడం మానేసింది. ఒకటే అడిగేది: "చెల్లె, ఇయ్యాల ఏమన్న వంక పెట్టిందా?"

"లేదక్కా" అనేదాన్ని. రేపు మళ్లీ చేస్తానని పెట్టేసేది.

అందుకే దవాఖాన పరీక్షలకని పట్నం పోయిన ప్రతిసారీ అవ్వను ఒక్కో పాత హోటల్‌కు తీసుకుపోయాను. డాక్టర్ చెప్పిన వైద్యం కాదిది, నా సొంత వైద్యం. పాయసం హోటల్‌లో చాయ్‌ని సాసర్లో పోసి, చల్లారే దాకా ఊది ఇచ్చాను. మంచిగుందంది. అద్దం దోశను ముక్కలు చేసి, మెనూ కార్డుతో విసిరి పెట్టాను. మంచిగుందంది. అలిగిన బియ్యం హోటల్‌లో పెరుగు కలిపి పెడుతుంటే పక్క బల్ల వాళ్లు జాలిగా చూశారు. గింజకు గింజకు మాటల్లేకపోవడం సంగతి అటుంచి, మా ఇద్దరి మధ్యే మాటల్లేవు. అద్దాలు అవే, మెట్లు అవే. నేనొక్కదాన్నే ఎవరిదో పాత కలలో తిరుగుతున్నట్టు ఉండేది.

ఒక వానాకాలం పొద్దున మళ్లీ వెళ్లాం. జనగామ దాటింది. నేను అవ్వ వైపు చూశాను. ఆమె కిటికీ చువ్వల మీద జారుతున్న చినుకులను చూస్తూ కూర్చుంది. పట్నం వాసన మాట ఎత్తలేదు.

దవాఖానలో డాక్టరమ్మ బరువు చూసింది. గొంతు బాగానే మానిందని, తిండే చాలడం లేదని చెప్పింది. వచ్చేసారికి బరువు ఇంకా తగ్గితే ముక్కులోంచి గొట్టం వేసి పాలూ జావా పోయాల్సి వస్తుందంది. గొట్టం మంచిదే, ప్రాణానికి ధోకా లేదు అని నెమ్మదిగా నచ్చజెప్పింది. అవ్వ అంతా విన్నది. బయటికి వచ్చాక మెట్ల మీద ఆగి నా చేయి పట్టుకుంది.

"దేవుడు నాకు ముక్కు పెట్టింది వాసన చూడనీకి బిడ్డా. అన్నం తిననీకి కాదు. గొట్టం మాత్రం వద్దు."

"వద్దులే అవ్వా" అన్నాను. ఎట్లా వద్దో నాకు తెలియదు. వాన పెద్దదైంది. ఎదురుగా ఏ హోటల్ ఉందో కూడా చూసుకోకుండా ఆమెను పట్టుకుని రోడ్డు దాటి లోపలికి దూరాను.

అది మామూలు భోజనాల హోటల్. దవాఖానకు వచ్చినవాళ్లతో నిండిపోయింది. ఒక చేతికి కట్టు ఉన్నాయన, ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకున్నామె, వాళ్ల మధ్యలో మాకు చోటు దొరికింది. తలుపు తెరిచినప్పుడల్లా వాన వాసన లోపలికి వచ్చేది. అందరి తడి బట్టల నుంచి సన్నటి పొగమంచు లేస్తున్నట్టుంది. గదంతా మసకమసకగా, ఎక్కడో దూరంలో ఉన్నట్టుంది. నేను గొట్టం గురించే ఆలోచిస్తున్నాను. అవ్వకు పెరుగన్నం చెప్పాను, నాకు భోజనం చెప్పాను.

వడ్డించేవాడికి తీరిక లేదు. నా కంచం, చారు గిన్నె తెచ్చి అవ్వ ముందు పెట్టేసి పోయాడు. పొయ్యి మీది నుంచి అప్పుడే దించిన చారు అది, మీద నురగ ఇంకా తిరుగుతోంది. "అవ్వా, వేడి!" అని నేను చేయి చాపేలోపే ఆమె కొంగు పక్కకు లాక్కుంది. వంగింది. ఆవిరిలో ముఖం పెట్టి, కళ్లు మూసుకుని, ఒక్కసారి పీల్చింది.

చాలాసేపు అట్లాగే ఉంది. కాలిందేమోనని నీళ్ల గ్లాసు అందుకున్నాను.

అవ్వ తల ఎత్తింది. ముఖమంతా చిన్న చిన్న చెమట చుక్కలు. కనుబొమలు ముడిపడి ఉన్నాయి. ఆ ముడి చూసి ఎన్ని నెలలైందో.

"ఎల్లిపాయ మాడగొట్టిండ్రు" అంది. "పోపు పెట్టెటోడు ఎటో సూసిండు. థూ, గిట్లనా చారు పెట్టేది?"

నాకు నవ్వొచ్చిందా ఏడుపొచ్చిందా చెప్పలేను. చచ్చింది నాలుక ఒక్కటే, ముక్కు కాదు. వేడి వద్దని, పొగ వద్దని మేము ఇన్ని నెలలు చల్లార్చి చల్లార్చి పెట్టిందంతా వాసన లేని కూడు. ఆమెకు మిగిలిన ఒక్క దారినీ మేమే ప్రేమతో మూసి పెట్టాం. తర్వాత డాక్టరమ్మను అడిగితే, పుండ్లు ఎప్పుడో మానాయి కదా, కాలకుండా వేడివేడిగా పెట్టొచ్చు అంది. ఆ సంగతి మేము అడిగితే కదా.

కానీ అదంతా తర్వాత. అప్పుడు మాత్రం అవ్వ నా అన్నంలోనే చారు పోసుకుంది. ముద్ద పట్టుకుని ముందు ముక్కు దగ్గరికి తీసుకుపోయేది, ఆ తర్వాత నోట్లో పెట్టుకునేది. ఒక్కో ముద్దకూ ఒక్కో తిట్టు. ధనియాలు పాతవి. చింతపండు పుట్నాల లెక్క ఎండింది. మిరియాలు వేసిండ్రా, సూపెట్టిండ్రా. తిట్టింది, తిన్నది. అన్నం సగానికి పైగా అయిపోయింది.

అక్కకు ఫోన్ కలిపాను. సాయంత్రం దాకా ఆగలేకపోయాను. ఎత్తగానే, ఎప్పుడూ ఫోన్ చేయని వేళ కావడంతో, "ఏమైంది చెల్లె?" అని భయంగా అడిగింది.

"వంక పెట్టిందక్కా" అన్నాను.

అటు నుంచి వెక్కి వెక్కి ఏడవడం వినిపించింది. అవ్వ ఎడమచేత్తో నా దగ్గర నుంచి ఫోన్ లాక్కుని చెవికి పెట్టుకుంది.

"ఏందే, ఏమైందే? చారుల ఎల్లిపాయ మాడితే గట్ల ఏడుస్తరా ఎవలన్నా?"

నేను కళ్లు తుడుచుకుని వడ్డించేవాడిని పిలిచాను. ఇంకో గిన్నె చారు తెచ్చి పెట్టాడు. పొగలు కక్కుతోంది. నా చేయి దానంతటదే మెనూ కార్డు అందుకుని విసరడానికి లేచింది. అవ్వ ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"సల్లార్చకు" అంది.