ఆమె చింపేసిన సగం

నేను దుకాణంలో పెరిగినవాణ్ణి. పత్రిక కనిపిస్తే ముందు పొట్లాలకు పనికొస్తుందా అని చూస్తాను. ఇబ్రహీంపట్నం బస్టాండులో ఒకామె వచ్చి పత్రిక చాపగానే బేరం మొదలుపెట్టాను.

“పాతదే గదక్కా, సగం ధరకియ్యి.”

“అమ్మనీకి కాదన్నా. ఈ బాపును ఏడన్న చూసినవా?”

దిక్కులేని ముసలివాళ్లను సాకుతున్నందుకు ఆ పత్రిక ఏటా ఇచ్చే సేవా పురస్కారం ఈసారి ఆమెకు వచ్చింది. ఆ వార్త పక్కన వేసిన ఆశ్రమం ఫొటోలో ఆమె నవ్వుతోంది. పక్కన ఒక ముసలాయన.

“ఫొటోల మస్తుగున్నవక్కా,” అన్నాను.

“అందరు నన్నే చూస్తున్నరు. ఆడ నాకు శాలువా కప్పుతుంటే, ఈడ ఈయన ఆశ్రమం గేటు దాటి పోయిండు. ఆయనకు పేరు యాదికుండదు. బాపూ అంటెనే తిరిగి చూస్తడు.”

ఆమె ఫొటోను నిలువునా చింపి, తానున్న సగం నా చేతిలో పెట్టింది. ముసలాయన ఉన్న సగంతో హయత్‌నగర్ బస్సెక్కింది.

ఆ కాగితంలో నేను ఇంతవరకు పొట్లం కట్టలేదు. ఇప్పటికీ ఆ బస్టాండులో ముసలాయనెవరైనా ఒంటరిగా కూర్చుంటే, నా బస్సు వదులుకొని, “బాపూ” అని పిలుస్తాను. ఎవరూ తిరిగి చూడరు.