సన్నటి రెండో గీత

కరోనా రెండోసారి ముంచుకొచ్చిన ఎండాకాలంలో నేను ప్రొద్దుటూరులో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుండేవాణ్ణి. ఆపరేషనైనా, కాన్పయినా, డయాలసిస్ అయినా ముందు నా దగ్గర ముక్కులో పుల్ల పెట్టించుకోవాల్సిందే. ఏమీ లేదని నేను రాస్తేనే లోపలికి పంపేవాళ్లు.

వారానికి రెండుసార్లు జమ్మలమడుగు నుంచి ఒకాయన డయాలసిస్‌కు వచ్చేవాడు. కువైట్‌లో దర్జీ పనిచేసి, కిడ్నీలు చెడిపోయి తిరిగొచ్చినాడు. వెంట భార్య వచ్చేది. నేను తొడుక్కున్న ప్లాస్టిక్ గౌను చూసి, ఎవురు కుట్టినారప్పా దీన్ని, చంకల కాడ కొలతే లేదని నవ్వేవాడు.

కర్ఫ్యూలో బస్సులు దొరక్క ఆయనకు ఒక విడత తప్పింది. తర్వాత వచ్చిన రోజు పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. ఆయాసపడుతున్నాడు. పరీక్ష చేసి కార్డు బల్ల మీద పెట్టినాను. పావుగంటకు మొదటి గీత పక్కన, కరోనా ఉందని చెప్పే రెండోది తేలింది, ఉందా లేదా అన్నంత సన్నగా. కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసినాను. ఉంది.

ఆయన భార్య నా వెనకే వచ్చి చూసింది.

"నాకేం కనపడల్యాదప్పా," అని, గొంతు తగ్గించింది. "లేదని రాయి. నాలుగు గంటలు మిషన్ మీద పండుకుంటే తేరుకుంటాడు."

లోపల హాల్లో ఐదుగురు మిషన్ల మీద ఉన్నారు. వాళ్లకు అంటుకుంటే తట్టుకోలేరు. ఉందనే రాసినాను. ఆయన భార్య చేయి పట్టుకుని బెంచీ మీంచి లేచినాడు.

కరోనా వచ్చినవాళ్లకు వేరే మిషన్ మా దగ్గర లేదు. పులివెందులలో ఒకచోట ఉందని తెలిసి, ఫోన్ చేసి, నేనే ఆటో ఎక్కించినాను. అక్కడ వాళ్లకంటే ముందు ఇంకా ముగ్గురున్నారంట. మర్నాడు మధ్యాహ్నం ఆయన వంతు వచ్చేసరికి ఆయన లేడు.

ఖాయం చేసుకునేందుకు ఆ రోజే పెద్ద ల్యాబుకు పంపిన ఆయన శాంపిల్ ఫలితం తర్వాత వచ్చింది. పాజిటివే. అది చూసి నా మనసు తేలికపడింది. తేలికపడినందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

నెల తర్వాత ఆ కాగితం కోసం ఆమె వచ్చింది. గీత నిజంగా ఉండిందా అని అడిగింది. ఉండిందన్నాను. మిషన్ ఎక్కించుంటే బతికేవాడా అని అడిగింది. తెలియదన్నాను.

"లోపల ఐదుమంది ఉండ్రి కదప్పా. వాళ్లన్నా బాగుండారా?"

అబద్ధం చెప్పాలనిపించింది. కానీ చెప్పలేకపోయినాను. ఏ దారిన వచ్చిందో, ఆ నెలలోనే హాల్లోకి జబ్బు వచ్చింది.

"ఇద్దరు పోయినారమ్మా."

ఆమె కాగితం మడిచి కొంగులో పెట్టుకుని బస్టాండుకు బయల్దేరింది. కాన్పుకొచ్చిన పిల్ల అప్పటికే నా ముందు కూర్చుని ఉంది. మాస్కు తీయమన్నాను.