ముగ్గురి పోటీలు

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, ఎమ్మిగనూరులోని మా బడి నుంచి ఆదోనిలో జరిగే ఆటల పోటీలకు ముగ్గురు ఆడపిల్లల్ని ఎంపిక చేశారు. ఎనిమిది వందల మీటర్ల పరుగు నాది. లాంగ్‌జంప్ నా పక్కన కూర్చునే స్నేహితురాలిది. రెండు వందల మీటర్లు వాళ్ల చిన్నాన్న కూతురిది. ఇంకా నాలుగు రోజులుందనగా వాళ్లిద్దరి ఇళ్లకూ తాళాలు పడ్డాయి. సుగ్గికి పోయారు. పత్తి తీయడానికి ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు వెళ్లడాన్ని మా దగ్గర అలా అంటారు. మాది మగ్గం పని కాబట్టి మేం వెళ్లలేదు.

"ఆ రెండూ నువ్వే సెయ్యమ్మా. పేర్లు నేను మార్పిస్తా" అన్నారు డ్రిల్లు సార్. సరేనన్నాను.

ఆదోనిలో పొద్దున్నే లాంగ్‌జంప్‌కూ, రెండు వందల మీటర్లకూ ఒకేసారి పిలిచారు. ఒక్కసారి దూకి, ఇసుక దులుపుకోకుండానే పరుగు గీత దగ్గరికి పోయాను. ఆరుగురిలో ఐదోదాన్నయ్యాను. మళ్లీ వచ్చి మిగిలిన రెండుసార్లూ దూకాను. ఎంత దూరం పడ్డానో చూసుకోలేదు. ఎంత దూరమో, రెండో స్థానం వచ్చిందనీ సార్ వచ్చి చెప్పారు.

మధ్యాహ్నం నా పరుగు. మొదటి చుట్టు అందరికన్నా ముందున్నాను. రెండో చుట్టులో ఒక్కొక్కరే నన్ను దాటి పోతుంటే చూస్తూ ఉన్నాను. నొప్పి లేదు. కాళ్లు కదులుతున్నాయని మాత్రం తెలుస్తోంది. నాలుగోదాన్నయ్యాను.

బస్టాండు దగ్గర సార్ బొరుగుల ఒగ్గాణి, బజ్జీ తినిపించారు.

"బాధగా ఉండాదా?"

"లేదు సార్."

"ఏడుపొస్తే ఏడువు, ఏం కాదు."

నేను అబద్ధం చెప్పలేదు. నిజంగానే లోపల ఏమీ లేదు. బొరుగులు నములుతూ కూర్చున్నాను.

ఆదివారం నా స్నేహితురాలు వాళ్లమ్మ ఫోన్ నుంచి చేసింది.

"దూకినావా?"

"దూకినా. రెండోది వచ్చింది."

"ఎంత దూరం?"

చెప్పాను.

"నేనయితే ఇంకా దూరం దూకుతాంటి."

"ఊఁ, దూకుతాంటివి" అన్నాను. "ఎప్పుడొస్తావు?"

"ఉగాదికి అంటాండాది మాయమ్మ."

ఉగాదికి వచ్చారు. నా స్నేహితురాలు మాత్రం మళ్లీ బడికి రాలేదు. సార్ రెండుసార్లు వాళ్లింటికి వెళ్లి మాట్లాడి వచ్చారు. పదో తరగతిలో లాంగ్‌జంప్‌కు నా పేరే రాసుకున్నారు. నేను వద్దనలేదు.